పేరుకే ఆయిల్

ఉప్పలయ్యకు అడగడం రాదు. కోపంతో అంటున్న మాట కాదిది, అతన్ని ఎరిగినవాళ్లెవరైనా ఒప్పుకునే మాట. దారి తప్పినా అడగడు, ధర తెలియకపోయినా అడగడు. ఆకలేస్తే సొంత ఇంట్లో కూడా అన్నం పెట్టమని అడగడట. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకుంటాడట, అంతే. ఆ దగ్గు విని కంచం పెట్టడం నేర్చుకునేసరికి సగం కాపురం గడిచిపోయిందని వాళ్లావిడ నాతో చెప్పి నవ్వింది.

అమీర్‌పేట నుంచి మధురానగర్ వైపు తిరిగే సందులో అతని స్కూటర్ షెడ్డు, నా బ్లౌజుల కొట్టు ఆనుకుని ఉంటాయి. మధ్యలో ఉన్నది ఒక్క రేకు. అతను సుత్తి పడితే నా గోడకున్న అద్దం ఊగుతుంది. ఇద్దరివీ సిరిసిల్లలో మగ్గాల ఇళ్లే కాబట్టి నేను అతన్ని అన్నా అంటాను, అతను నన్ను చెల్లె అంటాడు. అలా పిలుచుకున్నందుకు తగ్గట్టు రోజూ ఏదో ఒకదానికి గొడవ పడతాం. నాకు నోరెక్కువ, అతనికి బింకం ఎక్కువ.

ఆ బింకం పుట్టుకతో వచ్చింది కాదు. మర మగ్గాల షెడ్డులో తండ్రి పక్కన పనిచేసి, ఆ చప్పుడు భరించలేక హైదరాబాద్ వచ్చి, ఎర్రగడ్డలో సాయిలు అనే ఉస్తాద్ దగ్గర చేరాడు. సాయిలు దగ్గర ఒకటే పద్ధతి. "కండ్లున్నయి గద, చూసి నేర్సుకో. అడిగెటోడు బండి తెచ్చే గిరాకి అయితడు, మెకానిక్ కాడు" అనేవాడట. నోరు తెరిచి ఇదేంటని అడిగితే పానా వీపు మీద పడేది. ఉప్పలయ్య చూసే నేర్చుకున్నాడు. బాగా నేర్చుకున్నాడు కూడా. స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని ఇంజను విని, లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. పాత గేర్ల స్కూటర్లకు అమీర్‌పేటలో అతనే డాక్టరు అని పేరు పడింది. ఆ పేరు అతనికి ఎంత ఇష్టమంటే, ఎవరైనా "మెకానిక్ గారూ" అని పిలిస్తే మొదటిసారి వినిపించుకోడు.

కాలం మారి గేర్ల స్కూటర్లు రోడ్డు మీద తగ్గిపోయాయి. మళ్లీ ఇప్పుడు ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల కుర్రాళ్లకు వాటి మీద మోజు పుట్టింది. ఎక్కడో మూలపడ్డ బండి కొనుక్కొచ్చి, రంగులు వేయించి, ముందు చక్రానికి డిస్క్ బ్రేక్ పెట్టించమంటారు. ఒకడు వచ్చి "అంకుల్, డిస్క్ వేస్తారా?" అని అడిగాడు. "నాకు టైమ్ లేదు" అన్నాడు ఉప్పలయ్య. ఆ పూట షెడ్డులో ఉన్నది అతనూ ఒక పిల్లీ. డిస్క్ బ్రేక్ వేయడం తనకు రాదని చెప్పడానికి నోరు రాలేదన్నమాట.

కానీ బుల్లబ్బాయి గారు అడిగేసరికి ఆ సాకు చెల్లలేదు. పెద్దాయన, కాకినాడ వైపు మనిషి. మధురానగర్‌లో ఉంటారు, పంజాగుట్టలో ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు చూస్తారు. ఆయన భార్య దుర్గాంబ గారు అదే వీధిలో ఒక పళ్ల డాక్టరు దగ్గర ముందు బల్ల దగ్గర కూర్చుంటారు. ఇద్దరూ రోజూ ఒకే స్కూటర్ మీద వెళ్లొస్తారు. ఆ స్కూటర్‌ను మొదటి నుంచీ ఉప్పలయ్య తప్ప ఇంకొకరు ముట్టుకోలేదు. "వానొస్తే ముందు బ్రేకు అసలు పట్టట్లేదు ఉప్పలయ్యా. వెనకాల ఈవిడుంటుంది, నాకు భయంగా ఉంటోంది. ఈ డిస్కులేవో అంటున్నారు, నీకు వచ్చా?" అన్నారాయన.

"వచ్చుడేంది సార్, ఐతారం పొద్దుగాల బండి పెట్టుండ్రి, మాపటికి తీస్కపోండ్రి" అన్నాడు. నేను రేకు ఇవతల బొత్తాలు కుడుతూ విన్నాను. ఆ గొంతులో ఎంత ధీమా అంటే, నేను కూడా నమ్మేశాను.

ఆ వారమంతా అతను ఫోన్‌లో వీడియోలు చూశాడు. ఎలా చూశాడంటే, సౌండ్ పూర్తిగా తీసేసి చూశాడు. డాక్టర్ గారు పాఠాలు వింటున్న సంగతి రేకు దాటి నా చెవిన పడకూడదు కదా! చేతులు ఏం చేస్తున్నాయో చూస్తే చాలదా, మాటలెందుకు అనుకున్నాడు. సాయిలు ఉస్తాద్ ఎప్పుడో పోయాడు కానీ, ఆ పానా మాత్రం ఉప్పలయ్య వీపు మీద ఇంకా అలాగే ఉంది.

ఆదివారం పని మొదలైంది. ముందు చక్రం, పాత డ్రమ్ము విప్పేశాడు. కొత్త హబ్బు, దానికి డిస్క్, డిస్కును పట్టుకునే క్యాలిపర్, హ్యాండిల్ మీద ఆయిల్ డబ్బా, రెంటికీ మధ్య నల్లటి పైపు, అన్నీ చక్కగా కుదిర్చాడు. ఆ మాట ఒప్పుకోవాలి, అతని చేతిలో పనితనం ఉంది. ఆ తర్వాత ఎయిర్ తీయడం. పైపులో గాలి బుడగ ఒక్కటి మిగిలినా బ్రేకు మెత్తగా కుంగిపోతుంది, బండి ఆగదు. అందుకని హ్యాండిల్‌కున్న బ్రేకు లివర్‌ను మెల్లగా నొక్కి పట్టుకుని, కింద క్యాలిపర్‌కున్న నిప్పల్, అంటే చిన్న మర, కొంచెం వదులు చేయాలి. బుడగలతో పాటు ఆయిల్ సన్నటి గొట్టంలోంచి సీసాలోకి పోతుంది. నిప్పల్ బిగించాకే లివర్ వదలాలి, లేదంటే బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నొక్కాలి, మళ్లీ వదలాలి. పైన డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి. బుడగలు తగ్గేకొద్దీ లివర్ చేతికి గట్టిపడుతుంది. అతను లివర్ నొక్కుతూ, వంగి నిప్పల్ తిప్పుతూ, మళ్లీ లేస్తూ చెమటతో తడిసిపోయాడు. కొత్త పని కదా, కొన్నిసార్లు లివర్ ముందే వదిలేశాడు. గాలి మళ్లీ లోపలికి దూరింది. అలా పోసింది పోసినట్టే సీసాలోకి పోయి, కొన్న బ్రేక్ ఆయిల్ కాస్తా అయిపోయింది. పని ఇంకా కొసరు మిగిలే ఉంది.

స్పేర్ పార్టుల ప్రమోద్ ఆదివారం షాపు తీయడు. సాయంత్రానికి బండి ఇస్తానని చెప్పాడాయె. ఉప్పలయ్య నా కొట్టు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నా కుట్టు మిషన్ పక్కనున్న నూనె సీసా వైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఏంది, మిషిన్ నూనె గావాల్నా? నోట్లె ముత్యాలు రాలుతయా అడిగితే?" అన్నాను. "దేనికే అన్నా?"

"బ్రేక్ ఆయిల్ ఒడిసింది. జరంత తక్కువ పడ్డది."

"గిది పోయొచ్చా మరి?"

"ఆయిల్ అంటే నూనె గాక నెయ్యా? మన మగ్గాలకు సుత గిదే పోసినం గద. తెల్లగ, సన్నగ అచ్చం అట్లనే ఉన్నది." 

సీసా తీసి ఇచ్చాను. సిరిసిల్లలో పుట్టినవాళ్లకు ఆ నూనె మీద అనుమానం రాదు. మగ్గం బిగుసుకుంటే అదే పోస్తారు, తలుపు కిర్రుమంటే అదే పోస్తారు. నాకూ రాలేదు.

ఆ సాయంత్రం లివర్ గట్టిగా నిలబడింది. బుల్లబ్బాయి గారు దుర్గాంబ గారిని ఎక్కించుకుని సందు చివరిదాకా వెళ్లి, వేలితో అలా నొక్కి ఇలా ఆపి, పిల్లాడిలా నవ్వుతూ వచ్చారు. "నీ చేతికి మొక్కాలయ్యా" అన్నారు. ఉప్పలయ్య చేతులు తుడుచుకుంటూ, ఇందులో ఏముందన్నట్టు పక్కకు చూశాడు. మర్నాడు మొదలు, వచ్చిపోయే ప్రతివాడికీ డిస్క్ వేయబడును అని చెప్పడమే పని.

కొన్నాళ్లకు బుల్లబ్బాయి గారు ఫోన్ చేశారు. బండి కాస్త బరువుగా నడుస్తోందనీ, ముందు చక్రం వెనక్కి లాగుతున్నట్టుందనీ అన్నారు. "కొత్త ప్యాడ్లు సార్, జర అరగాలె. ఫికర్ చేయకుండ్రి" అన్నాడు ఉప్పలయ్య. ఎందుకు బరువుగా ఉందో అతనికి తెలియదు. తెలియదని చెప్పలేదు.

ఆ వారంలోనే ఒక ఉదయం, పంజాగుట్ట చౌరస్తా దాటి స్కూటర్ నెమ్మదిగా పోతుండగా ముందు చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయింది. ఇద్దరూ రోడ్డు మీద పడ్డారు. ఆయనకు గీరుకుంది. దుర్గాంబ గారి కుడి చెయ్యి మణికట్టు పైన విరిగింది.

ఫోన్ రాగానే ఉప్పలయ్య ట్రాలీ ఆటో తీసుకుని పరిగెత్తాడు. అక్కడ జనం చుట్టూ మూగి, ఈ వయసులో ఈయనకు బండెందుకని తలా ఒక మాట అంటున్నారు. దుర్గాంబ గారు ఫుట్‌పాత్ మీద విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బుల్లబ్బాయి గారు ఉప్పలయ్యను చూసి, "ఏమైందంటావు? నేను కాస్తే పట్టుకున్నాను. అసలు పట్టుకున్నానో లేదో కూడా గుర్తులేదు" అన్నారు.

"డిస్క్ బ్రేక్ సార్ అది. ముట్టుకుంటనే పడతది. మీకు డ్రమ్ము అలవాటు గద, గట్టిగ పట్టిన్రు" అన్నాడు ఉప్పలయ్య, అందరూ వింటుండగా. ఆ క్షణాన అతను నిజంగా అలాగే అనుకున్నాడు. అక్కడిదాకా నేను అతన్ని తప్పు పట్టను.

మర్నాడు పొద్దున షెడ్డులో చక్రం తిప్పబోతే కదల్లేదు. లివర్‌ను ఎవరూ ముట్టుకోవడం లేదు, అయినా బ్రేకు పట్టే ఉంది. నిప్పల్ వదులు చేశాడు. ఆయిల్ ఒక్కసారిగా చిమ్మి అతని ముఖాన పడింది, చక్రం దానంతటదే తిరిగింది. నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. డబ్బా విప్పి లోపలి రబ్బర్లు తీశాడు. కొత్తవి వేసి ఎన్నాళ్లో కాలేదు, నానబెట్టిన శనగల్లా ఉబ్బిపోయి ఉన్నాయి. అదే సమయానికి ప్రమోద్ ఏదో పార్టు ఇవ్వడానికి వచ్చి, వాటిని చూసి ఆగిపోయాడు.

"అన్నా, గిండ్ల నూనె పోసిన్రా ఏంది ఎవరన్న?"

ఉప్పలయ్య ఆ రబ్బర్లను గుడ్డలో చుట్టేశాడు.

"పేరుకే ఆయిల్ అన్నా అది. నూనెకు దానికి సంబంధమే లేదు. నూనె తగిల్తే రబ్బర్లు ఉబ్బి వాపస్ రావు, బ్రేకు పట్టుకునే ఉంటది. బండి మీద మనిషుంటే సీదా కిందనే." ప్రమోద్ తన ధోరణిలో తాను చెప్పి వెళ్లిపోయాడు.

ఉప్పలయ్య నా వైపు చూశాడు. నేను నా నూనె సీసా వైపు చూశాను. ఒక్క మాట, ప్రమోద్‌కు ఒక్క ఫోన్ చేసి ఒక్క మాట అడిగి ఉంటే ఆవిడ చెయ్యి విరిగేది కాదు.

"పోయి చెప్పన్నా" అన్నాను.

"చెప్త."

చెప్పలేదు. ఆ రోజు కాదు, ఆ వారమూ కాదు. దసరా వెళ్లింది, చెప్పలేదు. చెప్పకపోగా మధురానగర్ మీదుగా ఇంటికి పోయేవాడు కాస్తా చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాడు. ఎస్.ఆర్. నగర్ కుర్రాళ్లు డిస్క్ కోసం వస్తే, షెడ్డు లోపలికి పోయి ఏదో వెతుకుతున్నట్టు నిలబడేవాడు. ఎవరైనా "డాక్టర్ సాబ్" అని పిలిస్తే ఉలిక్కిపడేవాడు. వాళ్లావిడ వచ్చి, మనిషి సరిగ్గా తినడం లేదు, ఏమైందో నీకేమైనా తెలుసా అని నన్నడిగింది. తెలియదన్నాను. అలా అన్నందుకు అతని మీద నాకు ఇంకా మండింది. అతని సిగ్గు నా నోటికి కూడా తాళం వేసింది కదా అని.

ఒక మధ్యాహ్నం బుల్లబ్బాయి గారు నడుచుకుంటూ వచ్చారు. మనిషి చిక్కిపోయారు. షెడ్డు ముందున్న స్టూలు మీద కూర్చుని, ఉప్పలయ్యతో చాలా మెల్లగా మాట్లాడారు. రేకు ఇవతల నేను మిషన్ ఆపేశాను.

"ఆ బండి ఎవరికైనా ఇచ్చెయ్ ఉప్పలయ్యా. నేనింక నడపను" అన్నారు.

"ఎందుకు సార్..."

"నువ్వు అంత మంచి బ్రేకు వేసిచ్చావు. నాకు వాడటం చేతకాలేదు. నీ పనికి చెడ్డ పేరు తెచ్చాను, ఏమనుకోకు. అడిగినవాళ్లందరికీ నేనే చెబుతున్నాను, తప్పు నాదేనని. ఆవిడ రోజూ అదే అంటోంది. మీ చేతికి లెక్క తెలియడం లేదండీ అంటోంది. నిజమేనయ్యా. కూరలో ఉప్పు వేస్తున్నా నా చెయ్యి మీద నాకే నమ్మకం కలగట్లేదు. ఆఫీసులో సంతకం పెట్టాల్సి వచ్చినా రెండుసార్లు చూసుకుంటున్నాను."

ఉప్పలయ్య తల వంచుకుని పానా తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. బుల్లబ్బాయి గారు లేచి, అతని భుజం తట్టి, "నువ్వు బాధపడకు" అని వెళ్లిపోయారు. బాధపడకు అన్నారు, ఉప్పలయ్యతో.

నేను రేకు అవతలికి వెళ్లేసరికి నా ఒళ్లు మండిపోతోంది. "సిగ్గుండాలె అన్నా. ఆ మనిషి చెయ్యి మంచిగనే ఉన్నది. నువ్వే ఇరగ్గొట్టినవు. ఆమెది రోడ్డు మీద ఇరిగింది, ఆయనది నువ్వు నోరు మూస్కోని ఇరగ్గొడుతున్నవు. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

అతను పానా కింద పెట్టాడు. తర్వాత, "నేనే చెప్త. జర తోడు రాయే చెల్లె" అన్నాడు. అతను నన్ను నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు.

ఆ సాయంత్రమే ఇద్దరం మధురానగర్ వెళ్లాం. మెట్లు ఎక్కుతూ అతను మధ్యలో ఆగాడు. నేను వెనక నిలబడ్డాను, దిగడానికి దారి ఇవ్వలేదు. తలుపు తీసింది బుల్లబ్బాయి గారే, చేతిలో గరిటె ఉంది. లోపల దుర్గాంబ గారు కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని కూర్చున్నారు. "ఏవండీ, పోపు మాడుతోంది. అదీ తెలియట్లేదా మీకు?" అంటున్నారు. ఆయన వెళ్లి స్టవ్ ఆపేసి వచ్చి, మమ్మల్ని కూర్చోమన్నారు.

ఉప్పలయ్య కూర్చోలేదు.

"సార్, మీరు బ్రేకు గట్టిగ పట్టలే" అన్నాడు. కుర్చీ వీపు పట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. "నేను డిస్క్ బ్రేక్ అంతకుముందు ఎన్నడూ చెయ్యలే. వచ్చని అబద్ధం చెప్పిన. ఆయిల్ తక్కువ పడితే మిషిన్ నూనె పోసిన. అది పొయ్యొద్దట, నాకు తెల్వదు. రబ్బర్లు ఉబ్బి చక్రం జామైంది. మీరు ముట్టుకోకున్నా పడుతుంటిరి. పడ్డ మర్నాడే నాకు ఎర్కైంది సార్. ఎర్కైనా సుత చెప్పలే. మీ మీదనే పెట్టి ఊకున్న."

దుర్గాంబ గారు ఉప్పలయ్య వైపు చూడలేదు, మొగుడి వైపు చూశారు. నేను తిట్లకు సిద్ధమై నిలబడ్డాను. అవసరమైతే నూనె సీసా నాదేనని చెప్పి నా వంతు తిట్లు నేను తిందామనుకున్నాను.

"నేను గట్టిగా పట్టలేదా?" అన్నారు బుల్లబ్బాయి గారు.

"లేదు సార్."

"మళ్లీ చెప్పు."

"మీ తప్పు ఏం లేదు సార్. మీ చెయ్యి మంచిగనే ఉన్నది."

ఆయన తన కుడి చేతిని ముఖం ముందుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. పిడికిలి బిగించి వదిలారు. "దుర్గా, విన్నావా? నేను పట్టలేదట. చెయ్యి బాగానే ఉందట" అన్నారు. నవ్వుతున్నారు, కళ్ల నీళ్లు కారుతున్నాయి. ఆవిడ ఎడమ చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎన్ని మాటలన్నానండీ మిమ్మల్ని" అని ఏడ్చారు.

ఆయన వచ్చి ఉప్పలయ్య రెండు చేతులూ పట్టుకున్నారు. "ఎంత మంచి మాట చెప్పావయ్యా. వచ్చి చెప్పావు, నీ మేలు మర్చిపోను" అన్నారు. వద్దన్నా వినకుండా లోపలికి వెళ్లి కాఫీ కలిపి, మా ఎదురుగానే గిన్నె పైకెత్తి గ్లాసుల్లోకి ధారగా పోశారు. ఒక్క చుక్క కింద పడలేదు. "చూశావా" అన్నారు భార్యతో. ఉప్పలయ్య ఆ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. తాగకుండా పెట్టేయలేడు, తాగుతుంటే గొంతు దిగదు. మొత్తం తాగాడు.

కిందికి వచ్చాక గేటు దగ్గర ఆగిపోయాడు.

"తిడ్తరనుకున్న చెల్లె. తిడ్తే పడెటోన్ని, కొడ్తే సుత పడెటోన్ని. ఆయన నాకు మేలు చేసినవన్నడు" అన్నాడు.

హాస్టళ్ల పిల్లలు టిఫిన్ బండ్ల దగ్గరికి గుంపులుగా పోతున్నారు. వాళ్లంతా చూస్తున్నారని కూడా లేకుండా, ఉప్పలయ్య ఆ గేటు పట్టుకుని ఏడ్చాడు.